ఖాళీ అని గుర్తుపెట్టిన చోటు

రెండో వాన, మర్నాడు

పొయ్యిని మళ్ళీ పైకెత్తాం. కప్పీ తాడు నాని జారిపోతూంటే మా ఆయన సన్యాసిరావు ఒక్కడి వల్ల కాలేదు, నేనూ ఒక చెయ్యి వేశాను. మంచాలు వాన మొదలవగానే దూలాలకు ఎక్కించేశాం కాబట్టి పరుపులు తడవలేదు. నీళ్ళు మోకాలి దాకా వచ్చి ఆగాయి. తీయడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది.

గొలుసువీధి పరిశీలకురాలిగా ఈ మాటలన్నీ చెప్పడం నా పని. నేను చెప్పింది చెప్పినట్టు బహిరంగ పటానికి అతుక్కుంటుంది. మా నగరం కొత్తరేవులో ఎవరైనా పటం మీద మా వీధిని వేలితో తాకితే ఇది చదువుకోవచ్చు. ఎవరూ తాకరు. ప్రతివాళ్ళకూ వాళ్ళ వీధే చాలు.

సన్యాసిరావు కాళ్ళ వేళ్ళ మధ్య పుళ్ళు మళ్ళీ పచ్చిగా అయ్యాయి. పడవల యార్డులో రోజంతా తడిలోనే నిలబడి, ఇంటికొచ్చి ఇక్కడా తడిలోనే నిలబడితే ఏ మందు పనిచేస్తుంది? ఎదురింటి రామతులసి పిల్లని ఉయ్యాల్లోంచి దించడమే లేదు. పదినెలల పిల్ల, నేల ఎలా ఉంటుందో దానికి తెలియదు. రాత్రీ పగలూ దగ్గుతూనే ఉంటుంది. మూలింటి జోగారావు మోటార్ల షాపులో బల్ల మీద పెట్టినవి మిగిలాయి, కింద పెట్టినవి పోయాయి.

మధ్యాహ్నం నూకాలు ఉప్పు తట్ట నెత్తిన పెట్టుకుని నీళ్ళలోనే నడుచుకుంటూ వచ్చింది.

"ఏటమ్మా, మల్లీ మునిగిపోనారా?" అంది.

"నీకేం నూకాలూ, కొండ మీద ఎత్తు బ్లాకుల్లో హాయిగా ఉన్నావు" అన్నాను.

ఆమె నవ్వి, ఉప్పు కొలిచి పోసి, పక్కింటికి వెళ్ళిపోయింది.

రెండో వాన తర్వాత, నీళ్ళు తీసిన రోజు

మా వీధి ఎందుకు మునుగుతోందో తెలిసింది.

నేల ఎత్తుల పొర మీద కాలువల పొర వేశాను. దాని మీద లాకుల పొర వేసి, కిందటి ఏడాది వానలన్నిటికీ ఏ లాకు ఎప్పుడు తెరుచుకుందో చూశాను. ఇదంతా ఎప్పుడూ అందరి ముందూ ఉన్నదే. సముద్రం పాతరేవుని మింగేశాక, ప్రభుత్వం ఏ కొలతా దాచకూడదని పెట్టుకున్న నియమం. చూడనిది మేమే.

కొండ మీద కురిసిన నీరంతా పెద్ద కాలువలో దిగి, మా వీధి వెనకాల పిల్లలాకు అనే చిన్న లాకు దగ్గర రెండుగా చీలాలి. ఒకటి మా వైపు, ఒకటి ఉప్పుమళ్ళ వైపు. మా వైపు దారికి తలుపే లేదు. ఉప్పుమళ్ళ వైపు తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. మొత్తం మా మీదకే వస్తోంది. లాకు దగ్గర మనిషెవరూ ఉండడు, అది పటాన్ని చూసి తనంతట తనే నడుచుకుంటుంది. పటంలో ఉప్పుమళ్ళకు పసుపు రంగు ఉంది. పసుపంటే సందేహం, మనుషులు ఉన్నారో లేదో తెలియదని. తెలియని చోటికి లాకు నీళ్ళు వదలదు.

ఆ సందేహం ఎవరు పెట్టారో కూడా పటంలో లేదు. అంత పాతది.

అక్కడ కరెంటు మీటరు లేదు. నీటి గొట్టం లేదు. నమోదైన మనిషి ఒక్కడూ లేడు. ముంపు తర్వాత ఉప్పుమళ్ళవాళ్ళందరికీ ఎత్తు బ్లాకుల్లో ఇళ్ళిచ్చినట్టు మరో పొరలో పేర్లతో సహా ఉంది. ఫిర్యాదుల పొరలో ఆ ప్రాంతం పూర్తిగా తెల్లగా ఉంది. ఎగిరే కొలతయంత్రాలు పైనుంచి తీసిన బొమ్మల్లో కొన్ని పాకలు కనిపిస్తున్నాయి, ఉప్పు నిలవ చేసుకునేవి అయి ఉంటాయి. ఒక బొమ్మలో రెండు పాకల మధ్య తెల్లగా ఏదో సాగి ఉంది. ఉప్పు చారేమో.

సన్యాసిరావు చాలాసేపు చూశాడు. "అక్కడెవరూ లేరని గట్టిగా చెప్పగలవేటి?" అన్నాడు.

"ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. మనుషులుంటే ఒక్కసారైనా అడగరా?"

"అవున్లే" అన్నాడు.

పటంలో దిద్దుబాటుకి ముగ్గురు సాక్షులు కావాలి. సన్యాసిరావు, రామతులసి, జోగారావు సాక్ష్యం పెట్టారు. రామతులసి బొమ్మలేవీ చూడలేదు. "నువ్వు చూశావు కదక్కా, చాలు" అని వేలు ఆనించింది.

ఉప్పుమళ్ళు: ఖాళీ. సాయంత్రానికి పటం ఒప్పుకుంది.

మూడో వాన

వీధి పొడిగా ఉంది!

వాన తెల్లవారుజాము నుంచి కురుస్తూనే ఉంది, అయినా వీధి పొడిగా ఉంది. పొద్దున్నే అందరం గుమ్మాల్లో నిలబడి నేలనే చూస్తూ ఉండిపోయాం. ఎవరూ నమ్మలేదు. జోగారావు పిల్లలాకు దాకా పరిగెత్తి వెళ్ళి వచ్చి, "అటు తెరుసుకున్నాది! ఉప్పుమళ్ళ వైపు తలుపు బార్లా తెరుసుకున్నాది!" అని అరిచాడు. తర్వాత షాపులోని నూనెతోనే మూకుడు పెట్టించి వీధి మొత్తానికి మిరపకాయ బజ్జీలు వేయించాడు. ఆ నూనె ఏ నూనె అని ఎవరూ అడగలేదు.

రామతులసి పిల్లని తెచ్చి మా అరుగు కింద నేల మీద కూర్చోబెట్టింది. పిల్ల మొదట బిక్కమొహం వేసింది. తర్వాత అరచేత్తో నేలని ఒకసారి కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది. ఇక ఆపలేదు. రామతులసి ఏడుస్తూ నన్ను వాటేసుకుంది.

మా ఇంట్లో పొయ్యి ఈ రోజు నేల మీదే ఉంది. ఇది కూడా పటానికి అతుక్కోవాలని చెబుతున్నాను.

మూడో వాన తర్వాత, ఆరో రోజు

ఇంట్లో ఉప్పు అయిపోయింది. నూకాలు రాలేదు. వానాకాలంలో ఒక వారం రాకపోవడం మామూలే కానీ, మామిడికాయలు తరిగి పెట్టుకుని ఉన్నాను, ఆగితే పాడైపోతాయి. ఎత్తు బ్లాకులకి నేనే బయల్దేరాను. ఆమె ఉప్పు చీటీ మీద ఉన్న ఇంటి నంబరు నాకు గుర్తే.

అది పదో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపుకి తాళం, తాళానికి తుప్పు, గడప మీద మందంగా దుమ్ము. ఆ వరసలో ఇంకా చాలా తలుపులు అలాగే ఉన్నాయి. పక్క గుమ్మంలో కూర్చున్న పెద్దాయన్ని అడిగాను.

"నూకాలు ఎప్పుడొస్తుందండీ?"

"ఎవులూ, ఉప్పోళ్ళా? ఆళ్ళిక్కడెప్పుడున్నారమ్మా? తాళాలిచ్చినారు, ఈళ్ళు తాళాలేసినారు, మల్లీ మళ్ళకాడికే ఎల్లిపోనారు. ఈ గాల్లో కూకుంటే ఉప్పు పండుతాదా?"

"మళ్ళ దగ్గర... ఉంటున్నారా?"

"ఆడే పుట్టినారు, ఆడే ఉంటన్నారు. పిల్లా పాపలతో."

పది అంతస్తులు ఎలా దిగానో తెలియదు. కింద మెట్టు మీద కూర్చుండిపోయాను. నా పక్కనుంచి మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. పటం తెరిచి ఆ బొమ్మని పెద్దది చేసి చూడాలనిపించింది, చూడలేదు. చూడక్కర్లేదు. రెండు పాకల మధ్య సాగి ఉన్న తెల్లటిది ఏమిటో నాకు మొదటిసారి చూసినప్పుడే తెలుసు. నేను రోజూ బట్టలు ఆరేస్తాను. ఆరేసిన చీరని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో పోల్చుకోలేనిదాన్ని కాదు. ఉప్పు చారని అనుకోవాలనుకున్నాను, అనుకున్నాను.

మర్నాడు

గట్టు మీదుగా నడిచి వెళ్ళాను. పిల్లలాకు దాటాక గట్టు రెండు చోట్ల తెగి ఉంది. మళ్ళన్నీ ఒకటే చెరువైపోయాయి. ఉప్పు కుప్పలు ఉండాల్సిన చోట తడి నేల మీద తెల్లటి మరకలు మాత్రమే ఉన్నాయి. ఆ వెనకాల మట్టి గోడల ఇళ్ళు, కప్పుల మీద చిన్న చిన్న సూర్యపలకలు. అందుకే మీటర్లు లేవు. కొన్ని గోడలు కూలి ఉన్నాయి. కూలని వాటి మధ్య తాడు కట్టి బట్టలు ఆరేశారు.

నూకాలు గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఉప్పు కోసం ఒచ్చినావా అమ్మా?" అంది. "నేదు. కరిగిపోనాది."

ఆమె అత్త లోపల్నుంచి వచ్చి పీట వేసింది. నాకు పీట వేసింది. తర్వాత ఆవిడే చెప్పింది. నూకాలు భర్త దాలయ్య, వాన మొదలవగానే కుప్పల మీద తాటాకు కప్పడానికి వెళ్ళాడట.

"సముద్రం ఒస్తే మాకు తెలుస్తాదమ్మా. గాలి మారతాది, పిట్టలు లెగుస్తాయి. ఇది ఎనకాల నుంచొచ్చినాది, కొండకాడ్నుంచి. ఆ తలుపు నా పెళ్ళైన కాడ్నుంచి తెరిసింది నేదు. ఇప్పుడెవులు తెరిసినారో మరి. కొడుకు ఈత రానోడు కాడు. గట్టు ఆడి మీద కూలిపోనాది."

నూకాలు పిల్లలిద్దరూ నా కొంగు చివర పట్టుకుని చూస్తున్నారు. ఇంటి లోపల, తడిసిన గోడకి ఒక మగవాడి చొక్కా తగిలించి ఉంది.

ఎవరు తెరిచారో చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. "నేను మళ్ళీ వస్తాను" అన్నాను. అంతే అన్నాను. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి, తరిగిన మామిడికాయ ముక్కలన్నీ పారబోశాను.

రెండు రోజుల తర్వాత

ఖాళీ అన్న మాట తీసేయడానికీ ఆ ముగ్గురు సాక్షులే కావాలి. పెట్టినప్పుడు ఎంత తేలికగా దొరికారో.

సన్యాసిరావు వెంటనే వేలు ఆనించాడు. దాలయ్య సంగతి విన్నప్పట్నుంచీ అతను నాతో ఎక్కువ మాట్లాడటం లేదు. కోపం కాదు. తనూ సాక్షే కదా.

అందర్నీ మా అరుగు మీద కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. జోగారావు తల వంచుకుని విన్నాడు. చివరికి, "తప్పే. తప్పు కాదని నేనన్ను. కానీ ఆళ్ళకి కొండ మీద ఇళ్ళున్నాయి గదా. మనకి ఇదొక్కటే ఉన్నాది. ఆళ్ళనెల్లమను" అన్నాడు.

"వెళ్ళి ఏం తింటారు?"

"మునిగిపోయిన మోటార్లతో నేనేం తిన్నాను?"

రామతులసి వైపు తిరిగాను. ఆమె పిల్లని ఒళ్ళోంచి దించి నేల మీద వదిలింది. పిల్ల గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటోంది.

"దగ్గు తగ్గి వారం కాలేదక్కా" అంది.

"తులసీ, మనిషి పోయాడు."

"నాకు తెలుసు!" అని అరిచింది. "అన్నం తినలేకపోతన్నాను. నువ్వు చూశానంటే నమ్మినాను. నేను చూడకుండానే వేలు పెట్టినాను. ఇప్పుడు మల్లీ నీ మాట మీదే వేలు పెట్టి నా పిల్లని నీళ్ళలోకి దించమంటావేటి? నువ్వే చెప్పు, ఈసారి నీ మాట నిజమని నాకెలా తెలుస్తాది?"

పటం మూసేసి అరుగు దిగాను.

పటం కార్యాలయానికి వెళ్ళాను. కిటికీ దగ్గర ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. మేం ఏదీ దిద్దమండీ, ప్రజలే దిద్దుకోవాలి, అదే కదా దీని గొప్పతనం అన్నాడు. ఎవరు దిద్దారో చూసి, "మీరేనా?" అని అడిగి, నా మొహం చూసి తల దించుకున్నాడు.

నాలుగో వాన వారం లోపే వస్తుందట.

నాలుగో వానకి ముందు

పరిశీలకుల నియమాలు సన్యాసిరావూ నేనూ కలిసి చదివాం. అతనే గట్టిగా చదివాడు, నేను విన్నాను. ఇల్లు కొత్తగా పటంలోకి ఎక్కాలంటే ఆ చుట్టుపక్కల అప్పటికే నమోదైనవాళ్ళు ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. ఉప్పుమళ్ళలో నమోదైనవాళ్ళే లేరు, అందుకే ఎవరూ ఎక్కలేరు. కానీ పరిశీలకులు తమ సొంత నివాసం మార్చుకుంటే సాక్షి అక్కర్లేదు. నిజంగా అక్కడ ఉంటే చాలు, ఒక్క ఇల్లు ఉందంటే లాకు తెరుచుకోదు.

అతను చదవడం ఆపాడు.

"అలా చేస్తే నీళ్ళు ఇటే వస్తాయి" అన్నాను.

"వస్తాయి."

"నువ్వూ రా."

తల అడ్డంగా ఊపాడు. "నీళ్ళొస్తే తోడడానికి ఇక్కడ మనిషుండాలి కదా. మనింటికీ, తులసింటికీ. నేనూ వేలు పెట్టినోణ్ణే మాణిక్యం. నువ్వెళ్ళు."

రెండు చీరలూ ఒక దుప్పటీ మూట కట్టుకున్నాను. వీధి దాటేటప్పుడు రామతులసి గుమ్మంలోనే ఉంది. ఏం చేయబోతున్నానో ఆమెకి చెప్పాను. చెప్పకుండా వెళ్ళడం ఇంకో తప్పవుతుంది. ఆమె నా మొహం మీద తలుపు వేసింది.

అదే రోజు, ఉప్పుమళ్ళు

అందరూ పోగయ్యాక చెప్పాను. ఆ తలుపు తెరిపించింది నేనేనని చెప్పాను. ఎలాగో చెప్పాను, ఎందుకో చెప్పాను. బొమ్మలో బట్టలు కనిపించాయని కూడా చెప్పాను.

గట్టు మట్టి వేస్తున్న ఒకాయన పార పట్టుకునే నా మీదకి వచ్చాడు. "ఎవులూ నేరని నీకెవులు సెప్పినారు? రోజూ మాకాడ ఉప్పు కొనుక్కుంటన్నావు, గాల్లోంచి ఊడిపడతాదనుకున్నావేటి?" ఎవరో అతన్ని పట్టుకున్నారు. పట్టుకోకపోయినా నేను కదిలి ఉండేదాన్ని కాదు.

దాలయ్య తల్లి, నాకు పీట వేసినావిడ, "నువ్వా?" అంది. మళ్ళీ, ఈసారి ఇంకా మెల్లిగా, "నువ్వా?" అంది. ఆ తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

నేనిక్కడ ఉంటే లాకు మూసుకుంటుందని చెప్పాను. మబ్బు కొండని మూసేస్తోంది. నూకాలు గోడ దగ్గర్నుంచి లేచింది.

"ఉండనీండి" అంది. నా వైపు చూడలేదు. "ఆవిడుంటే గేటు మూసుకుంటాదంటే, ఉండనీండి."

ఉప్పు పాకలో ఒక మూల చూపించారు. అక్కడ నిలబడే నివాసం మార్చాను. తలదాచుకోవడానికి ఇంత చోటిచ్చినందుకు ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టే ముఖం లేదు.

నాలుగో వాన

తలుపు మూసుకునే ఉంది. గట్టు మీద నిలబడితే అవతల నీళ్ళు ఒరుసుకుంటూ పోవడం వినిపిస్తోంది. ఇక్కడ మళ్ళలో వాన చుక్కలు పడుతున్నాయి, అంతే. పార పట్టుకున్నాయన గట్టు మీద నా పక్కనే నిలబడి, తలుపునే చూసి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పటంలో గొలుసువీధి నీలంగా మారడం చూస్తూ కూర్చున్నాను. లేత నీలం, తర్వాత ముదురు. ఆ నీలం లోపల ఎవరెవరు ఉన్నారో నాకు ఇంటింటా తెలుసు.

మధ్యాహ్నం సన్యాసిరావు ఫోనులో మాట్లాడాడు. నీళ్ళు నడుం దాకా వచ్చాయట. పిల్ల ఉయ్యాల దూలానికి కట్టాడట. జోగారావు మోటార్లు ఇద్దరూ కలిసి మా మంచాల మీదకి చేర్చారట, అన్నీ చేర్చలేకపోయారట.

"తులసి ఏమంటోంది?"

"ఏమీ అన్లేదు. నేను తోడుతుంటే తనూ ఒక బిందె తెచ్చుకుని తోడింది."

"పిల్ల?"

"దగ్గుతున్నాది" అన్నాడు.

నాలుగో వాన తర్వాత, మూడో రోజు

నేను ఇక్కడ నమోదైన మనిషిని కాబట్టి ఇప్పుడు మిగిలిన ఇళ్ళకి నేను సాక్షిగా ఉండవచ్చు. అన్ని ఇళ్ళూ ఎక్కితే లాకు నా ఒక్కదాని మీదే ఆధారపడక్కర్లేదు. గొలుసువీధీ ఉప్పుమళ్ళూ రెండూ ఇళ్ళేనని తేలితే, కొండ నీటికి మూడో దారి తవ్వాలని నగరాన్ని అడగవచ్చు. అది ఎన్నాళ్ళకి జరుగుతుందో, ఈలోగా ఎన్ని వానలో. రెండు వీధుల పేర్లతోనూ అర్జీ పెట్టాను. గొలుసువీధి నుంచి సన్యాసిరావు ఒక్కడే చేరాడు. ఈ సాయంత్రం జోగారావు కూడా చేరినట్టు పటం చూపిస్తోంది. రామతులసి చేరలేదు.

ఇళ్ళెక్కించడానికి కొందరు భయపడ్డారు. ఎత్తు బ్లాకు ఇల్లు పోతుందని, ఇక్కడ్నుంచి లేవగొడతారని. వాళ్ళకి నేను ఏ హామీ ఇవ్వలేదు. నేనిచ్చే హామీకి విలువ లేదు. తెలిసిన నియమం చదివి వినిపించాను, వాళ్ళే తేల్చుకున్నారు. పొద్దున్నుంచి గుమ్మం గుమ్మానికీ తిరిగాను. పటం అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఈ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారని. అందరూ పిల్లల తలలు తడుముతూ లెక్క చెప్పారు.

నూకాలు గుమ్మం దగ్గరికి ఆఖర్న వెళ్ళాను. పొద్దున్నుంచి ఆ గుమ్మాన్ని దాటుకుంటూనే తిరిగాను.

ఆమె కొత్త మడిలోకి నీళ్ళు తోడుతోంది. నేను అడిగేదేమిటో పక్కిళ్ళలో వినే ఉంటుంది. తోడడం ఆపింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"మీ పటంలో మేం ఎక్కనప్పుడు అయిదుగురం" అంది. "ఇప్పుడెక్కించు. నలుగురం."

నాలుగు అని కొట్టాను. పటం సాక్షి పేరు అడిగింది. నా పేరు చెప్పాను.